నేల తగిలితే గట్టెక్కినట్టేనా? ‘అగ్రౌండ్’ అనే ఓడమాట సంగతి

ఆంగ్ల పత్రికల్లో తరచుగా కనిపించే వాక్యాల్లో ‘ది టాక్స్ ర్యాన్ అగ్రౌండ్’ ఒకటి. హనుమకొండలో గది అద్దెకు తీసుకుని పోటీ పరీక్షలకు చదువుకునే విద్యార్థి ముందు ఈ వాక్యం పెడితే, నిఘంటువు తెరవకముందు అతనికి ఏ అర్థం తోస్తుందో ఊహించడం కష్టం కాదు. టాక్స్ అంటే చర్చలు, ర్యాన్ అంటే నడిచాయి, గ్రౌండ్ అంటే నేల. కాబట్టి గాలిలో ఉన్న చర్చలు నేలకు దిగాయి, ఒక కొలిక్కి వచ్చాయి అనుకుంటాడు. ఇంకొంచెం చదివినవాడైతే ఇది ఓడలకు సంబంధించిన మాటని గుర్తుపట్టి, ఓడ ఒడ్డుకు చేరినట్టు చర్చలు గట్టెక్కాయని తేల్చుకుంటాడు. ఏ దారిలో వెళ్లినా అర్థం తలకిందులవుతుంది. ఆ వాక్యం చెప్పేది చర్చలు నడిమధ్యలో ఆగిపోయాయని, ఇక అంగుళం కూడా కదలడం లేదని.

ఈ పొరపాటును ఇంగ్లీషు రాకపోవడం కింద జమకట్టడం సరికాదు. తెలుగు బాగా వచ్చినవాడే ఇందులో ముందుగా పడతాడు. నీళ్ల నుంచి నేలకు రావడమంటే మేలు జరగడమని తెలుగు అతనికి చిన్నప్పటి నుంచీ నేర్పింది. ఇంగ్లీషులోని ఈ క్రియావిశేషణం మాత్రం అదే నేలను ప్రమాదంగా చూస్తుంది. ఈ తేడా ఎక్కడ పుట్టిందో తెలుసుకోవాలంటే ముందు ఓడ దగ్గరికి వెళ్లాలి, ఎందుకంటే అలంకారార్థంలో ఈ మాట పాటించే కట్టుబాట్లన్నీ ఓడకు జరిగిన సంఘటన నుంచి వచ్చినవే.

‘అగ్రౌండ్’లో రెండు ముక్కలున్నాయి. మొదటి ‘అ’ పాత ఇంగ్లీషులోని ‘ఆన్’ అరిగిపోగా మిగిలిన అక్షరం. ఒడ్డున అనడానికి ‘అషోర్’, నీటి మీద తేలుతూ అనడానికి ‘అఫ్లోట్’, కట్టు తెగి కొట్టుకుపోతూ అనడానికి ‘అడ్రిఫ్ట్’, నిద్రలో అనడానికి ‘అస్లీప్’ మొదలైనవన్నీ ఇదే అచ్చులో పోతపోసిన మాటలు. రెండో ముక్క ‘గ్రౌండ్’ దగ్గరే మన పాఠకుడు జారిపడతాడు. వరంగల్ వాడుకలో గ్రౌండ్ అంటే ఆటస్థలం, లేదా సభలు జరిగే మైదానం. ఆర్ట్స్ కాలేజీ గ్రౌండ్ అనగానే హనుమకొండలో ఎవరికైనా కళ్లముందు కనిపించేది ఎండిన విశాలమైన చదును నేల. పాత ఇంగ్లీషులో ‘గ్రుండ్’ అనే రూపంలో ఉన్న ఈ మాటకు అడుగు, లోతు, సముద్రపు అట్టడుగు అన్న అర్థాలు కూడా ఉండేవి. ‘అగ్రౌండ్’లో నిలిచి ఉన్నది ఆ అర్థం. పూడిక తీయడం కోసం 2024 చివరలో భద్రకాళి చెరువును ఖాళీ చేసినప్పుడు నగరవాసులు అంతకుముందు ఎన్నడూ చూడని చెరువు అడుగును, పగుళ్లు బారిన నల్లని మట్టిని చూశారు. ఈ మాటలోని గ్రౌండ్ అటువంటి నేల. నీళ్లున్నంతకాలం అది కంటికి కనిపించదు, ఓడ నడిపేవాడు దాన్ని తాకాలని కోరుకోడు.

ఓడ బరువును బట్టి దాని అడుగుభాగం నీటిలో కొంత లోతుకు మునిగి ఉంటుంది. ఆ కొలతను నావికులు డ్రాఫ్ట్ అంటారు. నీటి మొత్తం లోతు ఆ కొలత కంటే తగ్గిన చోట ఓడ అడుగు ఇసుకనో బురదనో రాతినో తాకి ఆగిపోతుంది. అగ్రౌండ్ అంటే ఇంతే. ఇందులో మునగడం లేదు, పగలడం లేదు, అగ్గి పుట్టడం లేదు. ఓడ ఓడగానే ఉంటుంది, ఇంజను తిరుగుతూనే ఉండవచ్చు, సిబ్బంది పైన నిలబడే ఉండవచ్చు. లేనిదల్లా కదలిక. రాయి తగిలితే అడుగు చీలి తర్వాత మునిగే ప్రమాదమూ ఉంటుంది కానీ ఆ తర్వాతి కథకు వేరే మాటలున్నాయి.

ఈ మాటను ప్రపంచమంతా ఒకేసారి పలికిన సందర్భం 2021 మార్చిలో వచ్చింది. నాలుగు వందల మీటర్ల పొడవున్న ‘ఎవర్ గివెన్’ అనే కంటైనర్ ఓడ మార్చి 23న సూయజ్ కాలువలో బలమైన గాలుల మధ్య అడ్డం తిరిగి, ముక్కు తూర్పు గట్టులో దిగబడి నిలిచిపోయింది. మూడు వందలకు పైగా ఓడలు వెనక ఆగిపోయాయి. అంత పెద్ద ఓడ ముక్కు పక్కన బొమ్మలా కనిపించే ఒక్క ఎక్స్‌కవేటర్ మట్టి తవ్వుతున్న ఫొటోను అప్పట్లో చూడనివారు అరుదు. డ్రెడ్జర్లు ఇసుక తోడాయి, టగ్ పడవలు లాగాయి, చివరికి పున్నమి పోటుతో నీటిమట్టం పెరిగాక మార్చి 29న ఓడ తేలింది. ఆ పున్నమి మన కాముని పున్నమే కావడం ఒక చిన్న విశేషం. ఇక్కడ పిల్లలు రంగులు చల్లుకుంటున్న రోజునే అక్కడ ఓడ కదిలింది. ఆ వారం రోజుల ఆంగ్ల వార్తల్లో ‘ది షిప్ ఈజ్ స్టిల్ అగ్రౌండ్’ అన్న వాక్యం లెక్కలేనన్నిసార్లు వచ్చింది. చివరి రోజు దాని స్థానంలోకి వచ్చినది ‘రీఫ్లోటెడ్’, అంటే మళ్లీ తేలింది అన్న మాట. ఈ జంటను గుర్తుంచుకోవాలి, అలంకారార్థంలో ఇది మళ్లీ అవసరమవుతుంది.

తెలుగువారికి ఇంకా దగ్గరి ఉదాహరణ విశాఖది. 2020 అక్టోబరులో బంగాళాఖాతంలో వాయుగుండం ఉన్న సమయంలో ‘ఎం.వి. మా’ అనే బంగ్లాదేశ్ సరుకు ఓడ లంగరు నిలవక తెన్నేటి పార్కు దగ్గరి రాళ్ల ఒడ్డుకు కొట్టుకొచ్చింది. సిబ్బంది క్షేమంగా దిగారు. ఆ ఓడ పర్యాటకుల సెల్ఫీల్లోకి ఎక్కింది, దాన్ని హోటల్‌గా మార్చాలన్న ప్రతిపాదన కూడా వచ్చింది. ఆ సంఘటనను ఇంగ్లీషులో చెప్పాలంటే రెండు వేర్వేరు క్రియావిశేషణాలు కావాలి: ‘ది షిప్ వెంట్ అగ్రౌండ్ అండ్ ది క్రూ కేమ్ అషోర్.’ ఓడా మనుషులూ చేరింది ఒకే ఒడ్డుకు. ఓడకు ఆ ఒడ్డు అగ్రౌండ్, మనిషికి అదే ఒడ్డు అషోర్. ఒకరికి అది చిక్కు, మరొకరికి రక్షణ. పైన చెప్పిన విద్యార్థి పొరపాటంతా ఈ ఒక్క వాక్యంలో ఇమిడి ఉంది, ఎందుకంటే అతను ఓడకు చెందిన మాటను మనిషికి చెందిన మాటగా చదివాడు.

అతను అలా చదవడానికి కారణం తెలుగు నుడికారంలోనే దొరుకుతుంది. కష్టం నుంచి బయటపడితే గట్టెక్కామంటాం. పిల్ల పెళ్లి చేస్తే ఒడ్డున పడ్డామంటాం. అనుకున్నది సాధిస్తే దరి చేరామంటాం. నమ్మినవాడు మోసం చేస్తే నట్టేట ముంచాడంటాం. ఈ నుడులన్నింటిలోనూ మాట్లాడేవాడు ఏరు దాటుతున్న మనిషి. అతనికి నీళ్లు గండం, గట్టు అభయం. పడవ అతనికి పనిముట్టు మాత్రమే, దాని కష్టసుఖాలతో అతనికి నిమిత్తం లేదు. ‘ఏరు దాటి తెప్ప తగలేసినట్టు’ అన్న సామెత, ‘ఏరు దాటేదాకా ఓడ మల్లయ్య, ఏరు దాటాక బోడి మల్లయ్య’ అన్న సామెత ఈ చూపునే మొహమాటం లేకుండా చెబుతాయి. మల్లయ్యకు మర్యాద దక్కేది గట్టు వచ్చేదాకానే.

ఇంగ్లీషు ఓడమాటలు పుట్టినది ఏరు దాటేవాడి నోట కాదు, నెలల తరబడి సముద్రం మీదే బతికే నావికుడి నోట. అతనికి నీళ్లే రోడ్డు, నీళ్లే కూడు. అప్పుల మధ్య కూడా వ్యాపారం నడుస్తోందని చెప్పడానికి ఇంగ్లీషు ‘అఫ్లోట్’ అనే మాటను వాడుతుంది, అంటే అది తేలుతూనే ఉంది. తేలడమే అక్కడ క్షేమం. రేవు కాని చోట నేల తగలడం అతనికి పీడకల. ఈ చూపు తెలుగుకు పూర్తిగా కొత్త అనడం కూడా అతిశయోక్తే అవుతుంది. చుక్కాని లేని నావ, సంసార సాగరం వంటి పోలికలు మనకూ ఉన్నాయి. వాటిలో కూడా చివరికి చేరవలసింది తీరమే. తీరం ముంచుతుందన్న ఊహ మాత్రం తెలుగు నుడికారంలో కనిపించదు.

సముద్రం లేకపోయినా ఉత్తర తెలంగాణకు ఈ మాట నేరుగా అందే దారి ఒకటుంది, అది పొలం. నాట్ల కాలంలో నీళ్లు పెట్టిన మడిలోకి కేజ్‌వీల్స్ తొడిగిన ట్రాక్టరు దిగుతుంది. ఎక్కడో ఒక మూల నేల మెత్తగా ఉన్న చోట వెనక చక్రం ఒక్కసారిగా కిందికి జారుతుంది. కొత్త డ్రైవరైతే యాక్సిలరేటర్ ఇంకా తొక్కుతాడు. చక్రం అక్కడే గిరగిరా తిరిగి బురదను వెనక్కి చిమ్ముతుంది, బండి ఇరుసు దాకా దిగుతుంది. అనుభవం ఉన్నవాడు ఇంజను ఆపి కిందికి దిగి, చక్రం ముందు కంపో కట్టెలో వేసి, ఇంకో ట్రాక్టరుకు గొలుసు కట్టి లాగిస్తాడు. ‘ట్రాక్టరు దిగబడ్డది’ అని ఊళ్లో అనుకుంటారు. బండి పాడు కాలేదు, ఇంజనులో లోపం లేదు, డ్రైవరు ఉన్నాడు, డీజిల్ ఉంది, కానీ కదలిక లేదు. సొంత బరువూ సొంత వేగమూ కలిసి దాన్ని ఇరికించాయి, ఇంకా బలం పెడితే ఇంకా దిగబడుతుంది, బయటి నుంచి సాయం రావాలి. ఓడ అగ్రౌండ్ కావడంలో ఉన్న సంగతులు దాదాపు అన్నీ ఈ ఒక్క తెలుగు క్రియలో ఉన్నాయి. ‘దిగబడటం’ ఈ ఆంగ్ల మాటకు నిఘంటువులు ఇచ్చే ‘నేలను తాకి’ కంటే మెరుగైన తెలుగు అన్నది ఈ వ్యాసం అభిప్రాయం. తేడా లేకపోలేదు. ట్రాక్టరును నేల మెత్తదనం పట్టుకుంటుంది, ఓడను నీళ్ల కొరత పట్టుకుంటుంది. అందుకే ఓడకు గొలుసుతో పాటు పోటు కోసం ఎదురుచూసే ఓపిక కూడా కావాలి.

ఓడ రూపంలోనే చూడాలనుకునేవారికి గోదావరి ఉంది. ఎండాకాలంలో మంగపేట, ఏటూరునాగారం వైపు నది పాయలుగా చీలి, మధ్యలో ఇసుక మేటలు తేలతాయి. నీళ్లు పలచబడిన చోట నాటు పడవ అడుగు ఇసుకను గీసుకుంటూ వెళ్లి ఆగితే, పడవవాళ్లు మోకాళ్ల లోతు నీళ్లలోకి దిగి భుజాలతో నెట్టి మళ్లీ లోతుకు చేరుస్తారు. ‘ది బోట్ ర్యాన్ అగ్రౌండ్ ఆన్ ఎ శాండ్‌బార్’ అన్న వాక్యానికి ఇంతకంటే కచ్చితమైన బొమ్మ అక్కర్లేదు.

ఇక వ్యాకరణం సంగతి. ఈ మాట ఒంటరిగా తిరగదు, ఎప్పుడూ ఒక క్రియ చెయ్యి పట్టుకుని ఉంటుంది. సంఘటనను చెప్పాలంటే ‘ర్యాన్’ లేదా ‘వెంట్’, స్థితిని చెప్పాలంటే ‘ఈజ్’ లేదా ‘వాజ్’ వస్తుంది. ఓడ నిన్న రాత్రి ‘ర్యాన్ అగ్రౌండ్’, ఈ ఉదయానికి కూడా అది ‘ఈజ్ అగ్రౌండ్’. ఇక్కడి ‘ర్యాన్’లో కాళ్ల పరుగు లేదు, ఓడ తన వేగంతో వెళ్లి తగిలిందన్న భావం ఉంది. కాబట్టి దాన్ని పరుగెత్తింది అని అనువదిస్తే నవ్వులపాలవుతాం. ఓడ నడిపినవాడిని కర్తగా పెట్టి ‘ది కెప్టెన్ ర్యాన్ ది షిప్ అగ్రౌండ్’ అని కూడా అనవచ్చు, అప్పుడు తప్పు ఎవరిదో వాక్యమే చెప్పేస్తుంది. నామవాచకానికి ముందు మాత్రం ఈ మాట నిలవదు. ‘స్లీపింగ్ చైల్డ్’ అంటారు కానీ ‘అస్లీప్ చైల్డ్’ అనరు. అదే తీరులో ‘అగ్రౌండ్ షిప్’ కూడా కుదరదు, ఆ చోటుకు ‘గ్రౌండెడ్’ కావాలి. తీవ్రత చెప్పడానికి ‘వెరీ’ అతకదు. బాగా బిగుసుకుపోయిందనడానికి నావికులు ‘హార్డ్ అగ్రౌండ్’ అంటారు. ఇవన్నీ బట్టీ పట్టవలసిన నియమాలుగా కనిపిస్తాయి కానీ, ఇది గుణం కాదు ఒక స్థలంలో ఉన్న స్థితి అని, అడుగున అన్న అర్థమే ఇందులో ఉందని గుర్తుంటే చాలావరకు వాటంతట అవే తోస్తాయి. తెలుగులో కూడా ‘చాలా అడుగున ఓడ’ అని ఎవరూ అనరు.

అలంకారార్థానికి వచ్చేసరికి మొదటి ప్రశ్న ఏమిటంటే, ఓడ కాకుండా ఇంకేవి అగ్రౌండ్ కాగలవు? ఒక గమ్యం పెట్టుకుని బయలుదేరి, కొంత దూరం సాగినవే కాగలవు. చర్చలు, ప్రణాళిక, చట్టం ముసాయిదా, ఎన్నికల ప్రచారం, దర్యాప్తు, ఉద్యోగ జీవితం, ఒక్కోసారి కాపురం ఈ వరసలోకి వస్తాయి. సెల్‌ఫోన్ పనిచేయకపోతే అది అగ్రౌండ్ కాదు, ఎందుకంటే దానికి ప్రయాణం లేదు. ఇంకా మొదలే కాని పని కూడా అగ్రౌండ్ కాదు, రేవులో కట్టేసి ఉన్న ఓడకు నేల తగిలే అవకాశం ఎక్కడిది? విద్యార్థుల అభ్యాస వాక్యాల్లో ‘మై మైండ్ ర్యాన్ అగ్రౌండ్ ఇన్ ది ఎగ్జామ్’ వంటివి వస్తుంటాయి. అవి అర్థం కాకపోవు కానీ చెవికి వికృతంగా తోస్తాయి. మెదడు మొద్దుబారిందనడానికి ఇంగ్లీషులో వేరే మాటలున్నాయి.

రెండో ప్రశ్న, దేనికి తగిలి ఆగింది? అసలు అర్థంలో ఓడ ఇసుక మీదో రాతి మీదో ఆగుతుంది, దాన్ని ‘ఆన్’ అనే విభక్తి చెబుతుంది. అలంకారార్థంలోనూ ఆ ‘ఆన్’ అలాగే మిగిలింది. రెండు రాష్ట్రాల మధ్య నీటి వాటాల మాటలు ఏదో ఒక లెక్క దగ్గర ఆగిపోతే ఆ లెక్క ‘ఆన్’ తర్వాత వస్తుంది. ‘బికాజ్ ఆఫ్’ పెట్టినా వాక్యం తప్పు కాదు. అయితే ‘ఆన్’ పెట్టినప్పుడు ఆ అడ్డంకి నీళ్ల కింద ముందు నుంచే ఉన్న రాయిలా కనిపిస్తుంది. చర్చలకు కూర్చున్నవారికి అది పైకి కనిపించలేదు, లేదా కనిపించినా దాటిపోగలమనుకున్నారు. ఒక్క చిన్న విభక్తి మోసే ఈ భావాన్ని తెలుగులో ‘కారణంగా’ అన్న మాట మోయలేదు. ‘ఫలానా షరతు దగ్గర దిగబడ్డాయి’ అంటే కొంత దగ్గరగా వస్తుంది.

ఇందుకు వరంగల్ దగ్గరే ఒక మంచి ఉదాహరణ ఉంది. నిజాం కాలపు మామునూరు విమానాశ్రయం 1980ల ఆరంభంలో మూతపడ్డాక దాన్ని తిరిగి తెరవాలన్న ప్రయత్నం ఏళ్లపాటు సాగింది. శంషాబాద్ విమానాశ్రయ ఒప్పందంలో 150 కిలోమీటర్ల లోపు మరో విమానాశ్రయం రాకూడదన్న షరతు ఒకటి, కావలసిన భూమి సేకరణ మరొకటి దానికి అడ్డుపడ్డాయి. ఒప్పందపు కాగితాల్లో ఉండిపోయిన ఆ షరతు నీళ్ల కింది రాయికి అచ్చమైన ఉదాహరణ. ‘ది మామునూర్ ప్లాన్ ర్యాన్ అగ్రౌండ్ ఆన్ ది హండ్రెడ్ అండ్ ఫిఫ్టీ కిలోమీటర్ క్లాజ్’ అని రాస్తే ప్రతి ముక్కా తన చోట తాను కుదురుగా కూర్చుంటుంది. 2025లో కేంద్రం పచ్చజెండా ఊపాక అదే ప్రణాళికను ‘రీఫ్లోటెడ్’ అనవచ్చు. అయితే ఇక్కడ ఒక గుంత ఉంది. విమానాశ్రయం గురించి రాస్తున్నాం కదా అని ‘టేక్ ఆఫ్’ కాలేదు, ‘అగ్రౌండ్’ అయింది, ‘రన్‌వే’ మీద నిలిచింది అంటూ విమానాన్నీ ఓడనూ ఒకే వాక్యంలో కలిపితే చదివేవాడి కళ్లముందు రెక్కలున్న ఓడ ఒకటి ఇసుకలో కూరుకుపోయి కనిపిస్తుంది. అరిగిపోయిన పోలికలు విడివిడిగా ఉన్నంతసేపు ఎవరికీ కనిపించవు, రెండు పక్కపక్కన చేరితే మాత్రం రెండూ లేచి కూర్చుంటాయి. తెలుగులోనూ ఇంతే. ‘పథకం పట్టాలెక్కక ముందే నట్టేట మునిగింది’ అన్న శీర్షిక పెట్టినవాడికి తప్పు కనిపించదు, చదివేవాడికి రైలు ఏట్లో కనిపిస్తుంది.

పత్రికల అనువాదాల్లో ‘ర్యాన్ అగ్రౌండ్’కు ఎక్కువగా వచ్చే తెలుగు ‘విఫలమయ్యాయి’. ఇది తొందరపాటు తీర్పు. ఓడ పూర్తిగా పోయిందని చెప్పడానికి ఇంగ్లీషులో మునగడాన్ని చెప్పే ‘ఫౌండర్’ అనే క్రియ ఉంది, చర్చలు ‘ఫౌండర్డ్’ అంటే ఇక ఆశ వదులుకోవచ్చు. అగ్రౌండ్ అయిన చర్చలకు పోటు వచ్చే అవకాశం ఇంకా ఉంది. ఎవరో టగ్ పడవలా వచ్చి లాగవచ్చు. ఎవర్ గివెన్ ఆరు రోజుల తర్వాత తేలింది కాబట్టి ఈ తేడా పదాల మీద పట్టింపు కాదని ఒప్పుకోవాలి. ‘ప్రతిష్టంభన ఏర్పడింది’ అన్న పత్రికా భాష అర్థం విషయంలో దీనికి బాగా దగ్గరగా ఉంటుంది, బొమ్మ మాత్రం ఉండదు. ‘అటకెక్కింది’ అంటే ఎవరో కావాలని పక్కన పెట్టారన్న ధ్వని వస్తుంది, అగ్రౌండ్‌లో కావాలనడం లేదు. కావాలని ఓడను నేల మీదికి ఎక్కించే పని కూడా లోకంలో ఉంది. గుజరాత్‌లోని అలంగ్ తీరంలో పాత ఓడలను విడగొట్టడానికి పోటు సమయంలో నేరుగా ఒడ్డు మీదికి నడిపిస్తారు. ఆ పనికి ఇంగ్లీషు వాడే మాట ‘బీచింగ్’. అందువల్ల ఒక ప్రభుత్వం తన పథకాన్ని తానే ఆపేస్తే దాన్ని అగ్రౌండ్ అనడం ఒక రకంగా ఆ ప్రభుత్వానికి సాకు చూపించడమే అవుతుంది.

ఇదే కుటుంబంలోని ‘అడ్రిఫ్ట్’తో కూడా దీన్ని కలపకూడదు. తాడు తెగిన తెప్ప అడ్రిఫ్ట్, దానికి నీళ్లున్నాయి కానీ దిక్కు లేదు. దిగబడిన ఓడకు దిక్కు తెలుసు, నీళ్లు లేవు. డిగ్రీ అయ్యాక ఏం చేయాలో తోచక తిరిగే యువకుడు మొదటి రకం. ఏం చేయాలో తెలిసి, దరఖాస్తు పెట్టి, నోటిఫికేషన్ కోర్టు కేసులో చిక్కుకుని ఎదురుచూసే అభ్యర్థి ప్రయత్నం రెండో రకం. ఈ రెండో రకం తెలంగాణలో ఎవరికీ కొత్తగా పరిచయం చేయనక్కర్లేదు.

‘గ్రౌండ్’ చుట్టూ తిరిగే ఇతర నుడికారాలు మరో చిక్కు. ‘రన్ ఇంటు ది గ్రౌండ్’ అంటే ఒక వస్తువును విరామం లేకుండా వాడి వాడి పనికిరాకుండా చేయడం, పదిహేనేళ్ల నాటి ఆటోను సర్వీసింగ్ లేకుండా తోలడం లాంటిది. ‘రన్ టు గ్రౌండ్’ వేట నుంచి వచ్చింది, తరిమి తరిమి బొరియలోకి దూరిన నక్కను పట్టినట్టు వెతికి పట్టుకోవడం దాని అర్థం. మనిషిని ‘గ్రౌండెడ్’ అంటే నిలకడ ఉన్నవాడన్న మెచ్చుకోలు, విమానాన్ని అంటే ఎగరనివ్వలేదని. ఈ నాలుగింటిలోనూ నేల ఒకటే, దాని మీద నిలబడ్డది మాత్రం ఒకచోట ఆటో, ఒకచోట నక్క, ఒకచోట మనిషి, ఒకచోట విమానం. ఎవరి నేల అన్నది ముందు తేలితే అర్థం వెంటనే తేలుతుంది.

వరంగల్‌కూ సముద్రానికీ సంబంధం లేదని ఇంతదాకా అనుకున్న మాటను కూడా కొంత సవరించుకోవాలి. ఓరుగల్లు నుంచి ఏలిన గణపతిదేవుడు 1244లో తూర్పు తీరంలోని మోటుపల్లి రేవులో ఒక అభయ శాసనం వేయించాడు. ఒక దేశం నుంచి మరో దేశానికి బయలుదేరి, తుపానుకు చిక్కి, దెబ్బతిని తీరానికి కొట్టుకొచ్చిన ఓడల్లోని సరుకును పూర్వపు రాజులు బలవంతంగా లాక్కునేవారని, ప్రాణాలకు తెగించి సముద్రం దాటే వర్తకుల మీద దయతో తాము నిర్ణీత సుంకం తప్ప మిగిలినదంతా వదిలేస్తున్నామని అందులో ఉంది. దీన్ని ఇంగ్లీషులోకి తెచ్చేవారు సాధారణంగా ఓడ పగిలిందన్న మాటను ఎంచుకుంటారు. కానీ నడిసముద్రంలో మునిగిన ఓడ నుంచి రాజు లాక్కోవడానికి ఏమీ ఉండదు. ఏనుగులూ గుర్రాలూ రత్నాలూ రాజు చేతికి చిక్కాలంటే ఓడ కనీసం కొంత నిండుగానైనా వచ్చి, రేవు కాని చోట నేల తగిలి, కదలలేక నిలబడి ఉండాలి. ఆ స్థితిలోని వర్తకుడు మనిషిగా గట్టెక్కాడు, అతని ఓడ దిగబడింది, శాసనం రాయించవలసి వచ్చింది ఈ రెండోదాని కోసమే.